తలుపు దగ్గర మనిషి

నర్సు నడుముకి తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. ఆయన వెనకే నడవండి. తలుపు తీసి మిమ్మల్ని లోపలికి రానిస్తాడు, తనూ వస్తాడు, వెనక్కి తిరిగి అదే తలుపుకి తాళం పెడతాడు. నాలుగడుగులు వేస్తే ఇంకో తలుపు, మళ్లీ అదే వరస. ఫినాయిల్ వాసన ముందు తగులుతుంది, దాని అడుగునుంచి మూత్రం వాసన. గోడ వెంబడి బల్లల మీద మనుషులు కూచుని ఉన్నారు. అందరికీ ఒకే రంగు దుస్తులు. ఎవరి బట్టలు వాళ్లకి ఉండవు. వచ్చిన రోజే బట్టలు, బెల్టు, చేతి ఉంగరం తీసేసుకుని రసీదు రాశారు. ఆ రసీదు కూడా ఆఫీసులోనే ఉంటుంది.

ఇది 1971. ఇటలీకి ఈశాన్య మూలన, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న ట్రియెస్టే నగరం. మీరున్నది సాన్ జొవాన్ని కొండవాలు మీది పిచ్చాసుపత్రిలో. 1908లో, ఈ ఊరు ఇంకా ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తి ఏలుబడిలో ఉన్నప్పుడు కట్టించారు. బయటనుంచి చూస్తే ముచ్చటేస్తుంది. చెట్ల నడుమ విడివిడిగా మేడలు, ఒక చర్చి, నాటకాలాడే హాలు, వంటశాల, చాకిరేవు. చిన్న ఊరే అనొచ్చు. చుట్టూ గోడ ఉంది, అంతే తేడా.

ఒక్కో మేడలో ఒక్కో తరగతి మనుషులు. నెమ్మదిగా ఉండేవాళ్లు ఒకచోట, రేగిపోయేవాళ్లు ఒకచోట, బట్టలు పాడుచేసుకునేవాళ్లు ఇంకోచోట, మంచాన పడ్డవాళ్లు వేరే. రోగాన్ని బట్టి ఈ విభజన జరగలేదు. సిబ్బందికి ఎవరు ఎంత ఇబ్బంది అన్న లెక్క మీద జరిగింది. మొత్తం దాదాపు 1,200 మంది. వాళ్లలో ఎక్కువమంది తమంతట తాము రాలేదు. 1904 నాటి చట్టం తీసుకొచ్చింది. తనకో పరులకో ప్రమాదం, లేదా నలుగురిలో రచ్చ: ఈ రెండింట్లో ఏదో ఒకటి ఉందని డాక్టరు కాగితం రాస్తే చాలు, పోలీసులు తెచ్చి దింపేవాళ్లు. నెల గడిచాక కోర్టు ఖాయం చేస్తే ఓటు పోయేది, ఆస్తి మీద చెయ్యి పోయేది. 1968లో చట్టం కొంచెం సడలేదాకా, చేరినవాడి పేరు నేరస్తుల చిట్టాలో కూడా ఎక్కేది.

మన దగ్గర హైదరాబాదువాళ్లకి ఎర్రగడ్డ, కోస్తావాళ్లకి వాల్తేరు ఎలాగో, ట్రియెస్టే వాళ్లకి సాన్ జొవాన్ని అలాగ. వేళాకోళానికి పనికొస్తుంది, పిల్ల పెళ్లి సంబంధానికి మాత్రం అడ్డం.

ఆ ఏడు ఆగస్టులో ఒక కొత్త డైరెక్టరు వచ్చాడు. పేరు ఫ్రాంకో బసాలియా. పుట్టింది 1924లో వెనిస్‌లో. వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడే ఫాసిస్టులని ఎదిరించి కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. చదువు అయ్యాక పన్నెండేళ్లకు పైగా పాడువా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రమూ మనోవైద్యమూ కలిపి నూరాడు. ప్రొఫెసరు కుర్చీ దక్కలేదు. 1961లో గొరీజియా అనే సరిహద్దు పట్నంలో ఆసుపత్రి అప్పజెప్పారు. అది యూగోస్లావియాని ఆనుకుని ఉండేది, పదోన్నతి అని ఎవరూ అనుకోరు. గేటు దాటగానే ముక్కుకి తగిలిన వాసన తన జైలు వాసనే అని తర్వాత ఆయన చెప్పుకున్నాడు.

గొరీజియాలో మొదటి ఉదయం ఏం జరిగిందో ఇటలీలో మనోవైద్యం చదివే ప్రతి పిల్లాడికీ తెలుసు. మీరు ఆ గదిలోనే ఉన్నారనుకోండి. హెడ్ నర్సు రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాత్రి ఎవరెవరిని మంచాలకి కట్టారో అందులో రాసి ఉంటుంది. డైరెక్టరు సంతకం పెట్టాలి, రోజూ జరిగేదే. కలం కూడా సిద్ధంగా ఉంది. బసాలియా పేజీ చూశాడు. తన ఊరి వెనిస్ యాసలో, నేను సంతకం పెట్టను, అన్నాడు. అంతకుమించి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. సంతకం లేకపోతే కట్టెయ్యడానికి అధికారం లేదు. మరి ఇవాళ రాత్రి రేగిపోయేవాణ్ని ఏం చెయ్యాలి? ఆ ప్రశ్న హెడ్ నర్సు మొహంలో ఉంది. దానికి జవాబు ఆ పూట బసాలియా దగ్గర కూడా లేదు. పదేళ్లు వెతికాడు. పట్టీలు తీయించాడు, జాలీ మంచాలు తీయించాడు, రోజూ ఉదయం రోగులూ డాక్టర్లూ కలిసి కూచునే సభలు పెట్టాడు. అదంతా 1968లో పుస్తకమై ఇటలీలో విపరీతంగా అమ్ముడుపోయింది. అదే ఏడు, ఒక్కరోజు సెలవు మీద ఇంటికెళ్లిన రోగి తన భార్యని చంపాడు. కేసు బసాలియా మీద కూడా పడింది. చివరికి నిర్దోషి అని తేలింది గానీ, గొరీజియాలో ఆ పని ఎక్కువకాలం నిలవలేదు.

ట్రియెస్టేకి పిలిచింది మికేలె జనెత్తి అనే క్రిస్టియన్ డెమొక్రాట్. జిల్లా పాలక మండలి అధ్యక్షుడు, అప్పటికి ముప్ఫై ఏళ్లవాడు. ఆసుపత్రి ఖర్చు పద్దు ఆయన చేతిలోదే. బసాలియా వామపక్షం మనిషి. పార్టీలు వేరైనా ఇద్దరికీ పొత్తు కుదిరింది. ఇలాంటి పనులకి ధైర్యమున్న డాక్టరు ఒక్కడు చాలడు, కాగితాల మీద సంతకం పెట్టే రాజకీయ నాయకుడు కూడా ఉండాలి. ఈ కథ చెప్పేవాళ్లు జనెత్తిని తరచు మరిచిపోతుంటారు.

ఇప్పుడు 1973లోకి రండి. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం.

ఖాళీ చేసిన 'పి' మేడ ముందు జనం. రెండు నెలలుగా లోపల ఏదో తయారవుతోంది. బసాలియాకి వరసకి సోదరుడైన శిల్పి వితోరియో, నాటక రచయిత జూలియానో స్కాబియా, వాళ్లతో రోగులు, నర్సులు, ఊళ్లోంచి వచ్చిన కుర్రాళ్లు. కర్రలు, కాగితపు గుజ్జు, జిగురు. ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు, రంగు పులమచ్చు, పాట పాడి పోవచ్చు. అలా ఒక గుర్రం లేచి నిలబడింది. ఇంటి మేడంత ఎత్తు. నీలం రంగు. రంగు ఏమిటన్నది రోగులే తేల్చారు.

గుర్రమే ఎందుకంటే, నిజం గుర్రం ఒకటి ఉండేది. పేరు మార్కో. 1959 నుంచి మైల బట్టల బండి లాగుతోంది. ఆసుపత్రి గోడ దాటి స్వేచ్ఛగా రాకపోకలు సాగించిన ప్రాణి అదొక్కటే. ముసలిదైంది, మోటారు బండి కొంటారు, దీన్ని కబేళాకి అమ్మేస్తారు అని 1972లో తెలిసింది. రోగులు జనెత్తికి అర్జీ రాశారు. రాసింది గుర్రమే అన్నట్టు రాశారు: ఇన్నేళ్లు చాకిరీ చేశాను, నన్ను చంపకుండా పింఛను మీద పంపండి, నా తిండి ఖర్చు మీకు తగలకుండా చూస్తాను అని. అర్జీ నెగ్గింది. అప్పటిదాకా అక్కడ రోగి నోట వచ్చిన మాటకి ఏదైనా జరగడమన్నది లేదు. అందుకే ఆ గెలుపు గుర్రానికి దక్కినంతా మనుషులకీ దక్కింది.

సరే, నీలం గుర్రం దగ్గరికి వద్దాం. పొట్టలో తలుపు పెట్టారు. అందులోకి ఎవరి కోరిక వాళ్లు కాగితం మీద రాసి, బొమ్మ గీసి వేశారు. చక్రాల మీద బయటికి లాగుతున్నారు. తల గుమ్మానికి తగిలి ఆగింది. ఎత్తు ఎవరూ కొలిచినట్టు లేదు. వెనక్కి లాగారు, మళ్లీ తోశారు. ఇనుప బెంచీ ఒకటి తెచ్చి నలుగురూ పట్టుకుని గుమ్మం మీద గుద్దారు. ఆ గుద్దేవాళ్లలో డైరెక్టరుగారు కూడా ఉన్నారు. పెచ్చులు రాలాయి, చట్రం విరిగింది, గుర్రం బయటికి వచ్చింది. దాని వెనక వందలమంది. కొందరు పదీ ఇరవై ఏళ్ల తర్వాత మొదటిసారి ఊరి రోడ్డు మీద కాలు పెడుతున్నారు. పైన కిటికీలు తెరుచుకుంటున్నాయి. మూసుకుంటున్నవీ ఉన్నాయి.

అందరికీ ఇది నచ్చలేదు. సిబ్బందిలో కొందరు ఊరేగింపు వద్దన్నారు. వార్డుల్లో మరుగుదొడ్లు సరిగా లేవు, మనుషులు చాలరు, సాయంత్రం వీళ్లంతా మళ్లీ ఆ వార్డుల్లోకే రావాలి, ఈ పండగేమిటని వాళ్ల వాదన. న్యాయమైన వాదనే. ఫొటోల్లో గుర్రం కనిపిస్తుంది. సాయంత్రం తిరిగొచ్చిన బారు కనిపించదు.

అసలు మార్పు గుర్రమంత ఎత్తున కనబడేది కాదు. వార్డుల పద్ధతి మార్చారు. నెమ్మదస్తులు, రేగేవాళ్లు అన్న విభజన తీసేసి, ఊరిని ప్రాంతాలుగా విడగొట్టి, ఏ పేట మనిషిని ఆ పేట బృందానికి ఇచ్చారు. ఓడరేవు పక్క వీధులవాళ్లంతా ఒక డాక్టరూ కొందరు నర్సుల బాధ్యత. ఆసుపత్రి లోపల ఉన్నా సరే, బయట ఉన్నా సరే, వాళ్లదే పూచీ. దాంతో నర్సుకి పని పెరిగింది. మీ వార్డు మనిషి ఇప్పుడు మీ పేట మనిషి. అతని ఇల్లు ఏది, అద్దె ఎవరు కడుతున్నారు, అన్నతో మాటలున్నాయా అన్నది తెలుసుకోవాలి. అంతవరకూ చికిత్స అన్న పేరుతో ఉత్తినే వార్డులు ఊడ్చి, గిన్నెలు తోమిన రోగులు సహకార సంఘం పెట్టుకున్నారు. అదే ఊడ్పు, అదే తోముడు, కానీ ఇప్పుడు జీతం ఉంది, యూనియన్ రేటు ఉంది. ఇల్లు లేనివాళ్లు డిశ్చార్జి అయ్యి కూడా అక్కడే అతిథులుగా ఉండిపోయారు. గది వాళ్లది, తాళంచెవి వాళ్ల జేబులో.

1972లో, బయటికి పంపిన ఒక మనిషి తన తల్లినీ తండ్రినీ చంపాడు. మళ్లీ కేసు, మళ్లీ బసాలియా నిర్దోషిగా తేలడం. ఇది దాటేసి చెప్పేవాళ్లంటే నాకు నమ్మకం లేదు. ఆ రెండు శవాలు ఆ ఊరికి గుర్తున్నాయి. బృందానికి కూడా గుర్తున్నాయి. బయటికి పంపడం తప్పని కొందరన్నారు. పంపి ఊరుకోవడం తప్పని బృందం పాఠం నేర్చుకుంది. 1975 నుంచి పేటల్లో కేంద్రాలు తెరవడం మొదలుపెట్టారు. ముందు కేంద్రాలు, వాటి వెనక వార్డుల మూత. ఆ వరస ముఖ్యం. 1977 జనవరిలో బసాలియా పత్రికలవాళ్లని పిలిచి, ఏడాది చివరికల్లా సాన్ జొవాన్ని మూస్తామని చెప్పాడు.

మరుసటి ఏడు మే నెలలో రోము. కిడ్నాపైన మాజీ ప్రధాని అల్దో మోరో శవం కారు డిక్కీలో దొరికి నాలుగు రోజులైంది. దేశమంతా అదే మాట. ఆ గందరగోళంలో, పాత చట్టం మీద జూన్‌లో జరగవలసిన ప్రజాభిప్రాయ సేకరణ తప్పించుకోవాలన్న తొందరలో, పార్లమెంటు కమిటీ స్థాయిలోనే 180వ నంబరు చట్టం పాసైంది. తేదీ 1978 మే 13. కొత్తగా ఎవరినీ పిచ్చాసుపత్రిలో చేర్చకూడదు, కొత్తవి కట్టకూడదు. అత్యవసరమైతే మామూలు పెద్దాసుపత్రిలో చిన్న వార్డు, 15 పడకలు దాటకూడదు. బలవంతంగా వైద్యం చెయ్యాలంటే ఇద్దరు డాక్టర్లు రాయాలి, మేయరు ఉత్తర్వు ఇవ్వాలి, 48 గంటల్లో జడ్జికి తెలియాలి, గడువు ఏడు రోజులు. ప్రమాదకారి అన్న మాటే చట్టంలోంచి పోయింది. అప్పటికి దేశం మొత్తం మీద ఆ ఆసుపత్రుల్లో డెబ్బై వేల మందికి పైగా ఉన్నారు. పేట కేంద్రాలకి మాత్రం చట్టం పైసా విదల్చలేదు. బసాలియా ఇంకో రెండేళ్లు బతికాడు. 1980 ఆగస్టులో మెదడులో గడ్డతో పోయాడు, 56 ఏళ్లకి.

ఇక అసలు ప్రశ్న. ఆ హెడ్ నర్సు మొహంలో కనబడిన ప్రశ్న. పిచ్చాసుపత్రి లేదు. ఇవాళ రాత్రి రేగిపోయేవాడు ఎక్కడికి వెళ్లాలి?

బార్కోలాకి రండి. ట్రియెస్టే నుంచి మిరమారె కోటకి పోయే సముద్రపు రోడ్డు. రోడ్డు పక్కన ఒక పాత బంగళా. తోట, మెట్లు, లోపల వంటిల్లు, హాలు, పైన కొన్ని పడకలు. నగరం, చుట్టుపక్కల ఊళ్లు కలిపి రెండు లక్షల ముప్ఫై వేల జనాభాకి ఇలాంటి కేంద్రాలు నాలుగు. ఒక్కోదాంట్లో ఆరు నుంచి ఎనిమిది పడకలు, ఇరవై నాలుగు గంటలూ మనుషులు. ఎవరూ తెల్లకోటు వేసుకోరు. కాసేపు కూచుంటే గాని డాక్టరెవరో, రోగి ఎవరో పోల్చుకోలేం. తలుపుకి తాళం లేదు.

ఇప్పుడు చెప్పబోయే కుర్రాడు ఒక్క మనిషి కాడు. ఇలాంటి కేంద్రాలకి వచ్చేవాళ్లని కలిపి చేసిన బొమ్మ. పనితీరు మాత్రం అక్కడిదే.

జనవరి సాయంత్రం. బోరా గాలి వీస్తోంది. కొండల మీంచి సముద్రంలోకి దూకే ఈ గాలికి స్కూటర్లు పడిపోతాయి, ముసలివాళ్లు స్తంభాలు పట్టుకు నిలబడతారు. ఆరు దాటాక ఫోను. ఒక తల్లి. కొడుక్కి ఇరవై మూడేళ్లు, మూడు రోజులుగా నిద్ర లేదు, వంటింటి గోడని సుత్తితో పగలగొడుతున్నాడు. గోడలోంచి ఎవరో మాట్లాడుతున్నారట. పోలీసుకి చెయ్యమంటారా, అని అడిగింది.

"వద్దమ్మా, మేమే వస్తున్నాం. ఆయన మీ దగ్గరే ఉన్నాడా? మేం వస్తున్నామని చెప్పండి. దాచొద్దు."

ఆ ఆఖరి మాట గమనించండి. చెప్పాపెట్టకుండా వెళ్లి మీదపడి పట్టుకోవడం ఈ పద్ధతిలో లేదు. చిన్న కారులో ఇద్దరు వెళ్లారు. ఒక డాక్టరు, యాభై ఏళ్ల నర్సు. అంబులెన్సు లేదు, ఇంజెక్షను జేబులోంచి తీయలేదు. మెట్ల మీద పక్కింటివాళ్లు నిలబడి చూస్తున్నారు. నర్సు వాళ్లకి నమస్కారం పెట్టింది, పేరు చెప్పింది. లోపల గోడ పెచ్చులూడి ఇటుకలు కనబడుతున్నాయి. కుర్రాడి చేతిలో సుత్తి ఉంది. డాక్టరు దూరంగా, గుమ్మానికి అడ్డం రాకుండా స్టూలు మీద కూచున్నాడు. సుత్తి ఇమ్మని అడగలేదు. మాటలు ఎప్పటినుంచి, ఏ గోడలోంచి, అమ్మకి వినబడుతున్నాయా అని అడిగాడు. నలభై నిమిషాలు. ఈ నలభై నిమిషాల్లో ఎక్కువ భాగం ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నర్సు వంటింట్లో కాఫీ పెట్టింది, ఆ విరిగిన గోడ పక్కనే. తల్లి చేతులు వణుకుతున్నాయని కప్పులు తనే కడిగింది.

"ఇక్కడ నీకు నిద్ర పట్టదు. మా దగ్గర గది ఉంది. ఆ గోడలు ఎలా ఉన్నాయో వచ్చి చూడు," అంది.

"తాళం వేస్తారా?"

"వెయ్యం."

నమ్మలేదు. కానీ వచ్చాడు. వచ్చి ముందు చేసిన పని, వీధి తలుపు మూడుసార్లు తీసి మూసి చూడడం. ఎవరూ వద్దనలేదు. గ్లాసు నీళ్లలో నిద్రకి చుక్కల మందు ఇచ్చారు. ఏం మందో, ఎందుకో చెప్పి ఇచ్చారు. ఈ పద్ధతిలో మందులు వాడరని కొందరు అనుకుంటారు. అది తప్పు. మందు ఉంది. మందుతోపాటు మనుషులున్నారు.

రాత్రి రెండు. మేడ మెట్ల మీద చప్పుడు. కుర్రాడు బూట్లు వేసుకుని దిగాడు.

"పోతాను."

"ఎక్కడికి?"

"ఇంటికి. అమ్మని వాళ్లు ఏదో చేస్తున్నారు."

నర్సు లేచింది. తలుపుకి అడ్డంగా నిలబడలేదు. కొక్కేనికున్న కోటు తీసి అతని చేతికిచ్చింది, తన కోటు తను తొడుక్కుంది. "గాలిగా ఉంది, టోపీ పెట్టుకో. నేనూ వస్తా. ముందు అమ్మకి ఫోను చేద్దాం." ఫోను చేశారు, తల్లి గొంతు విన్నాడు. అయినా నడిచారు. సముద్రం గోడ వెంబడి, గాలికి వంగి, ఒకరి మాట ఒకరికి వినబడక అరుచుకుంటూ. మళ్లీ వచ్చేసరికి నాలుగు కావొస్తోంది. పడుకున్నాడు.

ఆ రాత్రి డ్యూటీలో నర్సులు ఇద్దరు. ఒకామె బయట నడుస్తుంటే, పైన పడుకున్న మిగతావాళ్లని రెండో ఆయన చూశాడు. ఒక్కరే ఉంటే ఆ నడక కుదరదు. ఒక్కరే ఉన్నచోట ఎంత మంచి నర్సయినా తాళమే వేస్తుంది, వెయ్యక తప్పదు. తలుపు తెరిచి ఉంచాలంటే తలుపు దగ్గర మనిషి ఉండాలి. తాళం చవక. అందుకే బడ్జెట్ కత్తెర పడ్డ ప్రతిసారీ ముందు పోయేది రాత్రి డ్యూటీ మనిషే. ట్రియెస్టేలో కూడా ఇప్పుడా బెడద మొదలైంది. 2021లో ఒక కేంద్రం అధిపతి నియామకం మీద రేగిన గొడవ ఇటలీ దాటి పోయింది. ఖాళీలు నింపకపోవడం మీద, కేంద్రాల వేళలు తగ్గించే ఆలోచనల మీద అక్కడివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఆ కుర్రాడు రాకపోతే, రానని భీష్మించుకుంటే? అప్పుడు మేయరు ఉత్తర్వు ఉంది. బలవంతపు వైద్యం ఇక్కడా జరుగుతుంది, ఇటలీ మొత్తంలో అతి తక్కువగా జరిగే చోట్లలో ఇది ఒకటి. విచిత్రమేమిటంటే ఆ ఏడు రోజులు కూడా ఈ తాళం లేని బంగళాలోనే గడపొచ్చు. అర్ధరాత్రి కొత్తగా ఎవరికైనా ముంచుకొస్తే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి, అక్కడ ఆరు పడకల చిన్న విభాగం ఉంది. తెల్లారితే ఆ మనిషి పేట కేంద్రంవాళ్లు వచ్చి మాట్లాడి తీసుకుపోతారు. చాలామంది అక్కడ ఒక్క పగలు కూడా పూర్తిగా ఉండరు.

అదే దేశం, అదే చట్టం. 2009 ఆగస్టు. దక్షిణాన వాలో దెల్లా లుకానియా అనే చిన్న పట్నం ఆసుపత్రి. ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ని మేయరు ఉత్తర్వు మీద చేర్చారు. కాళ్లూ చేతులూ మంచానికి కట్టారు. ఎనభై గంటలకు పైగా కట్టే ఉంచారు. అలాగే చనిపోయాడు. వార్డు కెమెరా అన్నీ తీసింది, ఆ దృశ్యాలు కోర్టుకి వెళ్లాయి, డాక్టర్లకి శిక్ష పడింది. కాబట్టి ఇటలీలో పిచ్చాసుపత్రులు మూసేశారు, అంతా బాగైంది అని ఎవరైనా అంటే నమ్మకండి. చాలా పెద్దాసుపత్రుల్లో ఆ పదిహేను పడకల వార్డు తలుపుకి తాళం ఉంది, మంచాలకి పట్టీలున్నాయి. గోడ కూలగొట్టడం అన్నిచోట్లా జరిగింది. బంగళా తెరవడం కొన్నిచోట్లే జరిగింది. మధ్యలో నలిగింది అమ్మలూ అక్కచెల్లెళ్లూ. చట్టం వచ్చిన తొలి ఏళ్లలో చాలా ఊళ్లలో, రోగిని ఇంటికి పంపారు గానీ ఆ ఇంటికి ఎవరూ రాలేదు.

ఇక మన దేశం సంగతి. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చదివేవాళ్లు తక్కువ. సమాజంలో బతికే హక్కు అందులో రాసుంది. గొలుసులు నిషేధం. అత్యవసరమైతే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా, ఆసుపత్రిలోనే కానక్కర్లేదు, మనిషి ఉన్నచోటే వైద్యం మొదలుపెట్టొచ్చు, మామూలుగా 72 గంటల వరకు. కాగితం మీద ట్రియెస్టేకి ఏం తీసిపోలేదు. 2022 అక్టోబరు నుంచి 14416 హెల్ప్‌లైన్‌కి ఫోను చేస్తే ఏ వేళైనా మాట్లాడేవాళ్లున్నారు. కానీ గుంటూరులోనో ఖమ్మంలోనో కొడుకు గోడ పగలగొడుతుంటే, మేం వస్తున్నాం అని చెప్పి చిన్న కారులో బయల్దేరేవాళ్ల కోసం తల్లి ఎదురుచూడగలదా? ఎక్కువచోట్ల ఆమె ఆటో మాట్లాడుకుంటుంది, ఇద్దరు బంధువుల్ని తోడు పిలుస్తుంది, చున్నీతో చేతులు కడుతుంది. ఆమెని తప్పుపట్టే అర్హత నాకైతే లేదు.

బార్కోలాలో మధ్యాహ్నం. పొద్దుటి వాళ్లు దిగి సాయంత్రం వాళ్లు ఎక్కే వేళ. హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. నర్సులు, డాక్టర్లు, సామాజిక కార్యకర్త, శిక్షణకి వచ్చిన ఇద్దరు పరదేశీ వైద్యులు. ఒక్కొక్కరి పేరూ వస్తోంది. గోడ కుర్రాడి పేరు వచ్చింది. రాత్రి నర్సు డ్యూటీ ముగిసి ఇంటికెళ్లింది, ఆమె రాసిపెట్టిన పేజీ ఒకరు చదివారు. మందు మోతాదు గురించి రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత పది నిమిషాలు గోడ గురించి. అద్దె ఇల్లు. ఇంటి యజమాని పొద్దున్నే చూసిపోయాడట. మరమ్మతు చేయించకపోతే ఖాళీ చెయ్యమంటున్నాడు. ఇల్లు పోతే ఈ కుర్రాడు మరి లేవడు అని సామాజిక కార్యకర్త గట్టిగా చెప్పింది. సహకార సంఘంలో తాపీ పని తెలిసినవాళ్లు ఉన్నారు, అడగాలి. యజమాని దగ్గరికి తల్లితోపాటు ఎవరు వెళ్తారు?

ఎవరూ వెంటనే చెయ్యెత్తలేదు. సెలవుల వల్ల మనుషులు తక్కువ. శిక్షణకి వచ్చిన డాక్టరు, ఇది కూడా వైద్యమేనా అన్నట్టు పక్కవాళ్ల వైపు చూశాడు. పక్కాయన డైరీ తిరగేస్తున్నాడు.

"గురువారం నాలుగింటికైతే నేను వెళ్తాను. కారు ఎవరి దగ్గరుంటుంది?"